చ కాదు, స

చెల్లీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు సగంలో వదిలేసిన మంత్రగత్తె కథను నీ కూతురు ఇవాళ చదివింది. చెల్లెలి జడ చూసి కుళ్లుకునే ఆ పిచ్చి మంత్రగత్తె నేనేనని దానికి తెలీదు. చివరి వాక్యం “నిన్ను చంపేస్తాను” దగ్గర ఆగి, “పెద్దమ్మా, నిజంగా సంపేత్తాదేటి?” అని అడిగింది.

“సంపనే సంపదు. మీయమ్మ పుస్తకాల బాసలో రాసీసింది. మనింట్లో ఆ మాట ఎలాగంటాం, సెప్పు?”

ఆసుపత్రిలో ఆఖరిసారి నీ నోటికి అన్నం ముద్ద అందిస్తూ, “తినకపోతే సంపేత్తాను” అన్నాను. నువ్వు నవ్వావు. తినలేదు.

పెన్సిల్ తీసి, నీ ‘చంపేస్తాను’ కొట్టేసి, పైన ‘సంపేత్తాను’ అని రాశాను.

“అయితే సంపదు” అంది పిల్ల, అచ్చం నీలాగే నవ్వుతూ.