మామిడి పిందెల అంచు

వెర్రిబీ

శ్యామసుందరీ,

నువ్వు సన్నీబ్యాంక్‌లో కూర్చుని ఎన్నిసార్లు పోరినా నేను ఆ ప్రదర్శనకు వెళ్ళను. ఆఫ్రికాలో, లెసోతో కొండల్లో మనిద్దరికీ నేత నేర్పిన కేంద్రం పేరు మా మెల్‌బోర్న్ దాకా వచ్చిందంటే సంతోషమే. మన మగవాళ్ళు బడిలో పాఠాలు చెప్పుకుంటుంటే మనం ఆ మగ్గాల దగ్గర ఎంత నవ్వుకున్నామో నేనూ మరిచిపోలేదు.

ఫోన్‌లో నోరు రాక రాస్తున్నాను. మా ఆయనకు ఇక్కడ ఉద్యోగం వచ్చి మూటాముల్లె సర్దుకున్న రోజున నా తివాచీ ఇంకా సగంలోనే ఉంది. బస్సెక్కి కిటికీలోంచి చూస్తే, మన మమెల్లో అమ్మ కత్తెర పట్టుకుని నా మగ్గం దగ్గరికి వెళ్తోంది. బస్సింకా కదలనే లేదు. చెయ్యి పట్టుకుని నేర్పిన మనిషికి నా నేత కోసి దించెయ్యడానికి అంత తొందరేమిటని మనసు చివుక్కుమంది. మళ్ళీ ఆవిడకు ఒక్క ముక్క రాయలేదు. ఇక్కడ కొనుక్కున్న మగ్గం కూడా గరాజ్‌లో దుమ్ము కొట్టుకుపోతోంది. మా అబ్బాయి ఆదర్శ్‌ని ఎవరికైనా ఇచ్చేసి రమ్మన్నాను.

నీ విద్యావతి

వెర్రిబీ

శ్యామా,

నా పంతం మా ఆదర్శ్ కూతురు ప్రియ ముందు నిలవలేదు. "కమాన్ నానమ్మా, జస్ట్ వన్ అవర్" అని లాక్కెళ్ళింది.

గోడ పొడుగునా ఒకటే నేత. మొదట్లో నా మామిడి పిందెల అంచు, పెళ్ళి చీర చూసి నేసుకున్నది. ఆ కొండల్లో పిల్లలు మామిడికాయ ఎక్కడ చూశారు? పోనుపోను పిందెలు చేపలయ్యాయి, ఆ పైన తోకలున్న పిట్టలయ్యాయి. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మమెల్లో అమ్మ పోయిందట. ప్రదర్శనతో వచ్చిన ఆవిడ కూతురు పలేసా చెప్పింది. సగంలో వెళ్ళిపోయిన మొదటిదాన్ని నేనేనట. అమ్మ నా నేతను దించనివ్వలేదట. కొత్తగా చేరిన పిల్ల నా పీట మీద కూర్చుని అక్కణ్ణించే అందుకుందట, తర్వాత ఎవరు వెళ్ళిపోయినా అదే ఆనవాయితీ అయిందట.

"మరి ఆ కత్తెర?" అన్నాను.

నా నేత ఆగిన చోట ఒక ఎర్ర ముడి చూపించింది. ఆ రోజు అమ్మ తన భుజం మీది దుప్పటి అంచు కత్తిరించి కట్టిందట, ఇది విద్యావతి చోటు అని.

గోడ చివర ఆ నేత కొస ఇంకా మగ్గం మీదే ఉంది. పలేసా పీట జరిపింది. చేతులు పని మరిచిపోలేదు. ఒక్క పిందె నేశాను. కత్తెర నేనే అడిగి తీసుకుని, చీర కొంగు దారం కత్తిరించి ముడి వేసి లేచాను.

వెనక్కి తిరిగేసరికి ప్రియ ఆ పీట మీద కూర్చుని ఉంది. "షో మీ, నానమ్మా" అంది.

గరాజ్‌లో మగ్గం ఎవరికీ ఇవ్వడం లేదు. ఈసారి వచ్చేటప్పుడు నీ ఉన్ని తెచ్చుకో.

మమెల్లో అమ్మ శిష్యురాలు,
విద్యావతి