బంగళా దెయ్యం వెళ్ళిపోయింది

టేకులపల్లి,
శనివారం.

అమ్మకు స్తెఫను వందనాలు. నా ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు. ఫోన్లో చెప్పడానికి నోరు రాక కార్డు ముక్క రాస్తున్నాను.

ఇక్కడి అడవిలో నిజాం కాలపు బంగళాలో తెల్లచీర దెయ్యం ఉందంటే నువ్వు పోవద్దన్నావు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి యూత్ నలుగురం పోయాము. "యేసు నామంలో ఈ ఇల్లు విడిచిపో!" అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

వెనక గదిలోంచి ఒక ముసలామె మూటతో బయటికి వచ్చింది. ఒకప్పటి వాచ్‌మన్ గోపయ్య భార్య అనంతమ్మ. ఆయన చనిపోయాక అక్కడే వండుకు తింటోందట.

"పోతున్న బిడ్డా. గింత లొల్లెందుకు? ఒక్క మాట చెప్తే పోకపోదునా?" అన్నది. ఆమె వెళ్ళిపోయాక చూస్తే పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతోంది.

సిగ్గుపడి, ఊళ్ళో దెయ్యం పోయిందనే చెప్పాము. వారమంతా వెతికినా ఆమె దొరకలేదు. మన ఏన్కూరు సంతలో గాజులమ్మే రోజారాణి ఆమె చెల్లెలట. కనుక్కో. అక్కడుంటే మనింటికి తీసుకురా, నా దుప్పటి ఇవ్వు.

నాన్న మోకాలి నొప్పి ఎట్లుంది? బ్లెస్సీకి దగ్గు తగ్గిందా?

రేపు ఆరాధనలో నన్ను దెయ్యం పోయిన సాక్ష్యం చెప్పమన్నారు. ఈ కార్డు నీకు అందేలోగా అందరి ముందూ నిజం చెప్పేసి ఉంటాను. ముందు నీకు చెప్పి నోరు అలవాటు చేసుకుంటున్నాను.

ప్రార్థనలో నాకన్నా ముందు అనంతమ్మను తలుచుకో.

నీ కొడుకు,
స్తెఫను