విమల అడిగిన చిలుక

ఉప్పుగూడ,
3-4-1972

చి. విమలకు, బావ సోమశేఖర్ ఆశీస్సులు.

నేను క్షేమం. మీ అక్క లలిత పెంచిన చిలుక కూడా క్షేమం. ఆమె పోయి నలభై రోజులు. పదకొండేళ్లు ఆ చిలుకను తిట్టాను. ఇప్పుడు దాని గిన్నె కడుగుతున్నాను. ఇన్నేళ్లలో అది ఒక్క మాట నేర్వలేదు. ఇంట్లో నా పోలిక వచ్చింది దానికొక్కదానికే అని మీ అక్క నన్ను ఎత్తిపొడిచేది.

సాయంత్రం గంటసేపు పంజరం తలుపు తీయాలని పక్కింటి కృష్ణమ్మ చెప్పింది. తీశాను. ఫ్యాను వైపు ఎగిరింది. ఫ్యాను ఆపాను. అద్దం వైపు ఎగిరింది. అద్దానికి దుప్పటి కప్పాను. నీళ్ల బకెట్టు అంచు మీద వాలింది. మూత పెట్టాను. చిలుకకు ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదు. నేను చెమటలో తడిసి, అద్దం లేని క్షవరంతో గడ్డం తెగి కూర్చున్నాను. చాలా కష్టంగా ఉంది.

ఇట్లు,
మీ బావ

తా.క. ఎదురుగా మనిషి కూర్చుని తింటే గాని అది తినదు. అందువల్ల రెండు పూటలా వండుకోవలసి వస్తోంది. దండుగ పని.


భువనగిరి,
8-4-1972

బావగారికి విమల నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమన్నది. ఒక్కలే ఉన్నరు, మీకెందుకీ లొల్లి? ఆ చిలుకను మాకిచ్చెయ్యుండ్రి. మా ఆయన కైలాసం ఒక ఆదివారం వచ్చి తీస్కపోతరు. పిల్లలకు గూడ ఆట అయితది. మీరు హాయిగ ఫ్యాను వేస్కోని పండుకోవచ్చు.

మీ మరదలు,
విమల

తా.క. మా ఇంట్ల పిల్లి ఉన్నది గాని మస్తు సాధువు. ఫికర్ చెయ్యకుండ్రి.


ఉప్పుగూడ,
12-4-1972

చి. విమలకు,

కష్టమని రాశాను. తీసుకుపొమ్మని రాయలేదు. ఎండలు ముదిరాయి, రైల్లో చిలుకకు వడదెబ్బ తగులుతుంది. వానలు పడ్డాక ఆలోచిద్దాం.

బేగంబజారు నుంచి ఇనుప జాలీ తెచ్చి కిటికీలకు కొట్టాను. మేకుల్లో సగం గోడకు, సగం నా బొటనవేలికి తగిలాయి. వీధి తలుపు జానెడు మించి తెరవరాదని బయట కాగితం అతికించాను. కృష్ణమ్మది కాస్త భారీ విగ్రహం. అప్పటినుంచి ఆమె కూరగిన్నె మాత్రమే లోపలికి వస్తోంది.

సాధువైన పిల్లిని నేనింతవరకు చూడలేదు.

మీ బావ

తా.క. పొగ దానికి పడదని కిరోసిన్ పొయ్యి వరండాలోకి మార్చాను. చారు పొంగితే వీధిలో వెళ్లేవాళ్లు కేకేసి చెబుతున్నారు.


భువనగిరి,
17-4-1972

బావగారికి నమస్కారాలు.

మీరు మొహమాటానికి వద్దంటున్నరు, నాకెరుకే. బొటనవేలి సంగతి విని మా ఆయన గూడ బాధపడ్డరు. కొత్త పంజరం కొన్నం. మే ఏడో తారీఖు ఆదివారం ప్యాసింజర్ బండికి వస్తరు. మీరేం చెప్పినా ఆగరు.

విమల

తా.క. పిల్లి అప్పుడే పంజరం చుట్టు తిరుగుతున్నది. దానికి మస్తు సంబురం.


ఉప్పుగూడ,
22-4-1972

విమలా,

కైలాసాన్ని పంపవద్దు. చిలుకకు జలుబు. పశువుల డాక్టరుకు చూపించాను. ఆయన దాన్ని చూసి జలుబు లేదన్నాడు. తరవాత నన్ను చూసి, ముక్కు కారుతున్నది మీకు కదా అన్నాడు. ఎవరిదైతేనేం, ప్రయాణం కుదరదు.

దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని పదకొండేళ్లు పోరింది నేనే. ఒప్పుకుంటున్నాను. మీ అక్క వినలేదు. ఇప్పుడు నేనూ వినను. అన్నం వేళకు అది నా కంచం అంచు మీదికొచ్చి కూర్చుంటోంది. అది పోతే ఈ ఇంట్లో పొయ్యి వెలిగించే పనిలేదు. ఇంతకన్నా రాయడం నాకు రాదు.

మీ బావ

తా.క. పంజరాన్ని పిల్లికి వాడుకోండి.


ఉప్పుగూడ,
8-5-1972

చి. సౌ. విమలకు ఆశీస్సులు.

నిన్న కైలాసం వచ్చాడు. తలుపు జానెడే తీశాను, ఈసారి చిలుక ఎగిరిపోతుందని కాదు. ఆ సందులోంచి పంజరం రాలేదు. ఇన్లాండు లెటర్ వచ్చింది. ఆసుపత్రిలో ఉండగా మీ అక్క నీకు రాసినది.

‘విమలా, నేను పోయినంక చిలుకను చూస్కోమని మీ బావకు చెప్తే చూస్కోరు. నువ్వు ఇమ్మని అడుగు. అడిగితే ఇయ్యరు. దాని కోసమన్న రెండు పూటల వండుకోని తింటరు. గట్టిగ అడుగు, వదలకు.’

రెండుసార్లు చదివాను. జలుబు ఇంకా తగ్గలేదు.

మీ ఇంట్లో పిల్లే లేదని, నువ్వు కోడిపిల్లను చూసినా మంచమెక్కుతావని కైలాసం చెప్పాడు. మాతో కూర్చుని భోంచేశాడు. చారు బాగుందన్నాడు. అబద్ధమాడటంలో ఆయన నీకు సరిరాడు.

మీ బావ,
సోమశేఖర్

తా.క. అప్పుడప్పుడు ఇమ్మని అడుగుతూ ఉండు.