దండ మింగిన ఇంజన్

కోకాపేట, బుధవారం

పిన్నీ, నేను క్షేమం. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

కడియం నుంచి నువ్వు పంపిన బంతిపూల దండ ఈ ఉదయం మా ల్యాబ్‌లో కొత్త స్పోర్ట్స్ కారు ఇంజన్‌కి పూజ చేసి వేశాను. పవర్ పెరగాలని దాన్ని గాలి ఎక్కువ పీల్చేలా మార్చింది నేనే కదా! గాలి గొట్టం లోపలున్న ఇనుప జాలీ అడ్డమని, తీసెయ్యమని మెకానిక్ రాజయ్యకు నిన్ననే చెప్పాను. తీసేశాడనే అనుకున్నాను.

ఆయన కొబ్బరికాయ కొట్టాడు, నేను స్టార్ట్ చేశాను. దేవుడి దండ కదా అని ఎవరమూ తియ్యలేదు. వేగం పెంచగానే అది సర్రున గొట్టంలోకి దూరింది! ఇంజన్ ఊపిరాడనట్టు గింజుకుని ఆగిపోయింది. గాలి లాగే లోపలి చక్రానికి దారం చుట్టుకుని ఉంటే ఆ చక్రం ముక్కలై, ఎదురుగా నిలబడ్డ రాజయ్య మీదకే వచ్చేది.

"జాలీ ఆపింది మేడమ్. పూజ అయినంక తీద్దామని ఇంకా తియ్యలే. జర కూసోండి, పరేషాన్ గాకుండ్రి" అని ఆయనే నాకు మంచినీళ్లు ఇచ్చాడు.

బాబాయి ఆయాసం తగ్గిందా? మందులు మానేశాడేమో కనుక్కో. తమ్ముడు బాలు లింగంపల్లి రైలెక్కేటప్పుడు నా నీలం చీర ఇచ్చి పంపు.

జాలీ ఉంచితే పవర్ కాస్త తగ్గుతుంది, తగ్గనీ. శుక్రవారం మళ్లీ నడుపుతాం. మీ ఇద్దరికీ దణ్ణాలు. దండ మాత్రం తప్పకుండా పంపు పిన్నీ, ఈసారి రాజయ్య మెడలో వేస్తాను.

నీ దేవిశ్రీ