ఫ్రిజ్జు మీద నీ రిపోర్టు

ఏమయ్యా, మళ్ళీ రక్తపరీక్షకని పరగడుపున మదనపల్లె బస్సుకు పోతాండాను. అన్నం, పప్పు పొయ్యికాడ ఉండాయి. పెరుగు ఫ్రిజ్జులో ఉండాది. బీపీ మాత్ర మర్చిపోవద్దు.

షుగరు, బీపీ, బొజ్జ మనిద్దరికీ ఒకటే. అయినా ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ నీకు తగ్గె, నాకు పెరిగె. డాక్టరమ్మ నిన్ను మెచ్చుకొని, నన్ను "నోరు కట్టుకోమ్మా" అనె. నువ్వేమో ఆ రిపోర్టు ఫ్రిజ్జుకు అంటించి, కుప్పం నుంచి వచ్చిన మీ అక్కకు కూడా చూపిస్తివి. నాకు కడుపు మండిపాయె.

ఆర్నెల్లుగా పళ్ళెంలో సగం అన్నం వదిలేసి లేస్తాండావు. పారేయలేక అదంతా తినిందెవరు?

అన్నట్టు, ఈ పొద్దు సగమే వండినా. చాలకపోతే ఆ రిపోర్టు చూసుకుంటా తిను.