బీరువాలో గ్లౌజులు

కొత్తగూడెం,
12-8-2006

యాడి పాదాలకు నీ పెద్దబిడ్డ సువర్ణ మొక్కి రాయునది. నేనూ పిల్లలూ ఇక్కడ బాగానే ఉన్నాం. తండాలో మీరందరూ చల్లగా ఉన్నారనుకుంటాను. చదివి వినిపించేది నువ్వే కదా ప్రమీలా వదినా, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు.

యాడీ, మోకాళ్ల నూనె అయిపోయిందన్నావు. తమ్ముడు కోటేష్ చేత ఇంకో సీసా పంపుతున్నాను. బా పోయిన దినానికి సెలవు దొరుకుతుందా, ప్రమోషన్ ఎప్పుడు అని అడిగావు. యాడీ, మా కరెంటాఫీసులో ప్రమోషన్ పనిచేసేవాళ్లకు రాదు. సారు గుమ్మంలోకి రాకముందే లేచి నిలబడేవాళ్లకు వస్తుంది. లైను మీద బా పోయాక, బిడ్డనని ఆయన బదులు నన్ను తీసుకున్న రోజు నుంచీ ఇదే చూస్తున్నాను. సోమవారం సోమవారం మీటింగు పెడతారు. అడవిలో చెట్టు కూలి మూడు రోజులుగా చీకట్లో ఉన్న ఊళ్ల మాట ఎవరూ ఎత్తరు. కాగితం మీద మాత్రం కరెంటు ఒక్క నిమిషం కూడా పోదు. ఇదేందని అడిగినవాడికి మెమో ఇస్తారు.

గోడమీద 'భద్రతే ముందు' అని ఎర్రటి బోర్డు ఉంది. దాని కిందే ఒక బీరువా. స్తంభాలెక్కేవాళ్ల కోసం పైనుంచి వచ్చిన రబ్బరు గ్లౌజులు ఎనిమిది జతలు అందులో కవరు విప్పకుండా పడి ఉన్నాయి. వాడితే మాసిపోతాయట. తనిఖీకి పెద్దసార్లు వస్తే కొత్తవి చూపించాలట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది మా సంగతి.

పోయిన నెల దూలయ్యకు షాక్ కొట్టింది. ములకలపల్లి అవతలి అడవి పల్లె నుంచి వచ్చి మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. లైను ఆపేశామని చెప్పి ఎక్కించారు, కానీ ఆపలేదు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఆయన భార్య జంపక్క దవాఖానా మెట్ల మీద కూర్చుని ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే కాస్త నయంగా ఉండేది.

మర్నాడు సారు పిలిచి రిపోర్టు రాయమన్నారు.

"గ్లౌజులు ఇచ్చినం, ఆయనే ఏసుకోలే అని రాయమ్మా. రిజిస్టర్ల పాత తారీకు ఏసి పేరెక్కించు. ఎట్ల రాయాల్నో తెల్వకుంటే మీ నాయన ఫైలు చూడు, గట్లనే ఉంటది."

కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఫైలు తీసి చూశాను. బాకు గ్లౌజులు ముట్టినట్టు రిజిస్టరు నకలు ఉంది. కింద 'దేవ్లా' అని గుండ్రటి అక్షరాలతో సంతకం. బా సంతకం చేయడం నువ్వెప్పుడైనా చూశావా యాడీ? బతికినన్నాళ్లూ వేలిముద్రే కదా వేశాడు.

పన్నెండేళ్లుగా ఫొటో ముందు దీపం పెట్టి తిడుతూనే ఉన్నావు, "ఇచ్చినయి ఏసుకోక మమ్మల్ని ఆగం జేసినవ్" అని. ఆయన మొండితనమే ఆయన్ని చంపిందని మేమూ నమ్మాం. ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు యాడీ.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. ఆ బీరువా తాళంచెవి ఉండేది నా దగ్గరే. ప్రమాదం జరిగిన రోజు పొద్దున దూలయ్య నా టేబులు దగ్గరికొచ్చి, "ఒక జత ఇయ్యరాదమ్మా, పని కాంగనే తెచ్చిస్త" అన్నాడు. సారు ఆర్డరు లేదన్నాను. రాసుకుంటున్న కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు. బా చావుతో వచ్చిన కుర్చీలో కూర్చుని, ఆ రోజు బాకు ఎవరో చెప్పిన మాటే నేను దూలయ్యకు చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

రిపోర్టులో, 'ఆయన అడిగాడు, నేను ఇవ్వలేదు, ఇవ్వవద్దని సారు ఆర్డరు' అని రాసి సంతకం పెట్టాను. ఎనిమిది జతలూ లైనుకెళ్లేవాళ్లకు పంచేశాను. మెమో వచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా బా దినానికి వస్తున్నాను.

ఆ రోజు ఆయన్ని ఒక్క మాట అనకు. తిట్టకుండా ఉండలేకపోతే నేను పక్కనే కూర్చుంటాను, నన్ను తిట్టు.

ఇట్లు,
ఆ తిట్లు పడవలసిన నీ బిడ్డ,
సువర్ణ