సొన మచ్చ

మే నెల, మంగళవారం రాత్రి

మధ్యాహ్నం ఆగిరిపల్లి తోటలో వ్యాపారి ఒక బంగినపల్లి కాయ తీసి మా ఆయన కాళ్ళ దగ్గర పడేశాడు. "ఇది గొడ్లు కూడా తినవు" అన్నాడు, కూలీలందరూ చూస్తుండగా. ఈయన నవ్వుతూ, "మీరెలా అంటే అలాగేనండి" అన్నాడు.

ఇంటికొచ్చాక పప్పులో ఉప్పు తగ్గిందని నా చెంప పగలగొట్టాడు.

అత్తయ్య ప్రార్థన ముగించుకుని లేచి, "ఎవరన్నా అడిగితే మామిడి సొన పడి కాలిందని చెప్పమ్మా. వాడికి ముక్కు మీద కోపం, తెలుసుగా" అంది. మరి మధ్యాహ్నం ఆ ముక్కు ఎక్కడ పెట్టుకున్నాడో.

సొనట. పోయినేడాదీ అదే చెప్పించింది. సొన మచ్చ కారినట్టు చారగా ఉంటుంది. నాలుగు వేళ్ళ అచ్చులా ఉండదు. తోటల్లో పుట్టి పెరిగిన ఆడవాళ్ళకి ఆ మాత్రం తెలీదా? రేపు కోతకి వాళ్ళే వస్తారు.

అడిగితే ఈయనే కొట్టాడని చెప్తాను, ఈయన పక్కనుండగానే. సాయంత్రం ఇంటికొచ్చి తలుపేశాక ఏం చేస్తాడో...

అయినా చెప్తాను. పదిమందిలో ఈయనకి కోపం రాదు, ఇవాళ చూశాగా.